ఎట్ల పోయిండు?

మెట్‌పల్లి బస్టాండు పక్క సందులో జమున జిరాక్సు దుకాణం ఉంది. ముప్పై ఏళ్ల కింద అది ఎస్టీడీ బూత్. ఆ రోజుల్లో దుబాయికి లైను దొరకడమే గగనం. దొరికినా గొంతు ఏ బావిలోంచో వచ్చినట్టు వినిపించేది. అందుకని చుట్టుపక్కల పల్లెల తల్లులు, భార్యలు చెప్పదలుచుకున్నదంతా క్యాసెట్లో నింపి, సౌదీకో మస్కట్‌కో పోయేవాళ్ల బ్యాగులో పెట్టి పంపేవారు. ఆ క్యాసెట్లు నింపేది జమునే.

టేప్ రికార్డర్ ముందు కూర్చోగానే ఎంత మాటకారి ముసలమ్మకైనా నోరు పెగిలేది కాదు. "ఏం చెప్పాలె బిడ్డా?" అని బిక్కమొహం వేసేది. అప్పుడు జమున మిషన్‌ని పక్కకు జరిపి, "ఇయ్యాల ఏం కూర వండినవవ్వా?" అని అడిగేది. బీరకాయ అని మొదలుపెట్టి, ఆ బీరపాదు ఎవరు పెట్టారో, అది కొడుక్కి ఎంత ఇష్టమో చెప్తూ చెప్తూ ఆమె ఏడ్చేసేది. జమున ఎర్ర బటన్ ఎప్పుడు నొక్కిందో ఆ ముసలమ్మకు తెలిసేది కాదు.

నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను. జమునతో నాకు తొమ్మిదేళ్ల పరిచయం. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. శ్రీరాంపూర్‌లో ఆ రోజు ఫోన్ పట్టుకుని కూర్చున్నది నేను కాబట్టి రాస్తున్నాను.

జమునకు ఎనభై ఏడు వైశాఖంలో పెళ్లయింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. పెళ్లికొడుకు సదానందం మిలిటరీలో సిపాయి. పెళ్లయిన ముప్పై ఒకటో రోజున డ్యూటీకి తిరిగి పోయాడు. ఆ ఏడాదే మన సైన్యాన్ని లంకకు పంపారు. అక్కడి నుంచి తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. పదోది రాలేదు. మరుసటి ఏడు శ్రావణంలో టెలిగ్రాం వచ్చింది. ఇంకో పద్దెనిమిది రోజులకు ఇద్దరు మిలిటరీ మనుషులు ఒక ఇనుప పెట్టె, ఎర్రగుడ్డతో మూతి కట్టిన చిన్న రాగి చెంబు తెచ్చి వాకిట్లో పెట్టారు. అక్కడే దహనం చేశామని, ఇది అతని బూడిద అని చెప్పారు.

అత్త బుచ్చవ్వ వాళ్లను ఒక్కటే మాట అడిగింది. "నా కొడుకు ఎట్ల పోయిండు?"

ఇద్దరిలో ఒకాయనకు తెలుగు వచ్చు. "గుండు తగిలింది అవ్వా. ఎంటనే పోయిండు. బాధ పడలే" అన్నాడు.

ఆ మాటనే బుచ్చవ్వ ఇరవై ఏళ్లు పట్టుకుని బతికింది. జమున కూడా ఆ మాటే నమ్మింది. ధర్మపురిలో గోదావరిలో బూడిద కలిపి వచ్చారు. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి మాట ఎత్తిన తమ్ముణ్ణి జమున గడప దాటనివ్వలేదు. బీడీలు చుట్టింది. తర్వాత మిలిటరీలో పోయినవాళ్ల భార్యలకిచ్చే కోటాలో బూత్ వచ్చింది.

రెండువేల మూడులో రాజయ్య అనే ముసలాయన మస్కట్‌లో ఉన్న కొడుక్కి క్యాసెట్ నింపడానికి వచ్చాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. బోరు ఎండిపోయిందని, బర్రె ఈనిందని రెండు నిమిషాలు చెప్పి ఆగాడు. జమున ఎప్పటిలాగే ఏదో చిన్న మాట అడిగింది. రాత బాగుంటదటనే పెద్దాయనా నీది, అని. అంతే.

"మంచిగుంటది. అందుకే నాతోని రాయిపిచ్చెటోళ్లు" అన్నాడు రాజయ్య. "బిడ్డా, నీకు ఎన్నడు చెప్పలే గని, లడాయి అయినంక సచ్చినోళ్ల ఇండ్లకు ఉత్తరాలు నేనే రాసిన. ఎంటనే పోయిండు, బాధ పడలే అని రాసెటోన్ని. అందరికి గదే రాసిన. కడుపుల గుండు దిగి రెండు దినాలు ఒర్రినోని ఇంటికి గుడ గదే రాసిన. ఏం రాయాలె మరి?"

క్యాసెట్ ఒక పక్క అయిపోయింది. జమున తిప్పి పెట్టింది. రాజయ్య రెండో పక్క కూడా నింపాడు. ఆ రెండో పక్కలో ఏముందో ఆమెకు ఒక్క ముక్క గుర్తు లేదని నాతో చెప్పింది.

మరో ఆర్నెల్లకు రాజయ్య పోయాడు. మస్కట్ నుంచి వచ్చిన కొడుకు ఆ క్యాసెట్ పట్టుకుని బూత్‌కు వచ్చి, "మా బాపు గొంతు గింతే ఉన్నదక్కా నా దగ్గర. ఇంకా ఏమన్న చెప్పిండా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి జమున ఆదివారాలు దుకాణం మూసి తిరగడం మొదలుపెట్టింది. మిలిటరీలో పనిచేసి యుద్ధం చూసి వచ్చినవాళ్లు ఎవరున్నారని ఊరూరా అడిగింది. జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్ బస్సులన్నీ ఎక్కి దిగింది. మొదట టేప్ రికార్డర్, తర్వాత ఫోన్. ఇరవై రెండేళ్లలో అరవై ముగ్గురి మాటలు రికార్డు చేసింది. పేరు, ఊరు, తారీఖు రాసి క్యాసెట్లన్నీ వేపాకులేసిన రేకు డబ్బాలో పెట్టింది.

నేను వాటిలో చాలా విన్నాను. ఖానాపూర్ దగ్గర ఒకాయన కంచరగాడిదల మీద మందుగుండు మోయించినవాడు. యుద్ధం గురించి అడిగితే గాడిదల పేర్లన్నీ వరుసగా చెప్పాడు. చచ్చిన గాడిద పేరు రాగానే లేచి బయటికి పోయాడు. వేములవాడ దగ్గర ఇంకొకాయన పెళ్లాం ఇంట్లో ఉంటే నోరు విప్పలేదు. ఆమె రాజన్న గుడికి పోయినప్పుడు గంటన్నర మాట్లాడాడు. వీళ్ల పిల్లలెవరికీ ఆ సంగతులు తెలియవు. జమున అడిగేదాకా ఎవరూ అడగలేదు.

అందరి దగ్గరా ఆమె చివర్న చేసే పని ఒకటే. సంచిలోంచి సదానందం ఫోటో తీసి, "గీయన ఎర్కేనా అన్నా?" అని అడిగేది. లంకకు పోయిన మన సైనికులు వేలమంది. ఒక్కడి ముఖం ఎవరికి గుర్తుంటుంది? పదకొండేళ్లు అందరూ తల అడ్డంగా ఊపారు.

నిర్మల్‌లో అజీముద్దీన్ అనే ఆయన లంకలో అంబులెన్స్ నడిపాడు. ఆయన మాత్రం ఫోటో చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మెట్‌పల్లి సదానందం కదా బహెన్? మంచి పిలగాడు. గాయన సెక్షన్ల నాయక్ ర్యాంకు మీద హనుమండ్లు అని ఉండె. మంచిర్యాల దిక్కోడు. గిప్పుడు శ్రీరాంపూర్ బాయిల మీద సెక్యూరిటీ చేస్తుండట. ఆఖరి దినం గాయనకే ఎర్క. నాకు ఎర్కలేదు" అన్నాడు.

జమున మరుసటి రోజే శ్రీరాంపూర్ పోయింది. గని గేటు దగ్గర ఖాకీ బట్టల్లో నిలబడి ఉన్నాడు హనుమండ్లు. ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "యాదికి లేదమ్మా" అన్నాడు. చాయ్ తాగించి బస్సెక్కించాడు. తర్వాత అయిదేళ్లలో ఇంకా నాలుగుసార్లు పోయింది. ప్రతిసారీ చాయ్, ప్రతిసారీ అదే మాట. అయిదోసారి మాత్రం చేతులు జోడించాడు. "నన్ను అడుగకమ్మా. నీకు మొక్కుత" అన్నాడు.

గుర్తు లేనివాడు మొక్కడు కదా. ఆ సంగతి జమునకు తెలుసు. అయినా వద్దన్న మనిషిని అడగకూడదని ఆమెకు ఒక నియమం ఉండేది. అయిదేళ్లు అటు పోలేదు.

కిందటి జనవరిలో హనుమండ్లు బిడ్డ వనజ ఫోన్ చేసింది. ఆమె భర్త గనిలో పనిచేస్తాడు. తండ్రిని తన దగ్గరే ఉంచుకుని చూసుకుంటోంది. "అత్తమ్మా, బాపుకు మతిమరుపు జబ్బు వచ్చింది. నా పేరు గుడ మర్చిపోయిండు. కని పొద్దుమాపు సదానందం, సదానందం అని పిలుస్తుండు. గోడ దిక్కు తిరిగి, లే సదానందం అంటుండు. గాయన నీ భర్తే కదా? ఒక్కపారి రా. నీకు చెప్పుకుంటెనన్న గాయన పాణం నిమ్మళం అయితదేమో" అంది.

నా కారులో బయలుదేరాం. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, మంచిర్యాల మీదుగా పోయేసరికి పదకొండయింది. దారిలో జమున ఫోన్ చార్జింగ్ నాలుగుసార్లు చూసుకుంది. "ఎర్ర బటన్ మీరు నొక్కుండ్రి మేడం. ఇయ్యాల నా చేతులు మాట వింటలేవు" అంది.

హనుమండ్లు నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి అట ఒకప్పుడు. ఇప్పుడు చొక్కా అతన్ని తొడుక్కున్నట్టుంది. జమునను చూసి నవ్వాడు. తన చెల్లెలనుకున్నాడో ఎవరనుకున్నాడో. "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

"తిన్న అన్నా. నువ్వు ఏం కూరతోని తిన్నవు?"

"పప్పుచారు" అన్నాడు. "గాడ గుడ పప్పే. రోజు పప్పే. సదానందం ముట్టకపోతుండె. కొబ్బరినూనె వాసనంటె గాయనకు కక్కు. చింతకాయ తొక్కు కావాలంటడు. లంకల చింతకాయ తొక్కు ఏడికెల్లి తేవాలె?"

నేను బటన్ నొక్కాను. జమున నేల మీద, అతని కాళ్ల దగ్గర కూర్చుంది. గంటన్నర పాటు ముప్పై ఏడేళ్ల కిందటి సదానందం ఆ గదిలో తిరిగాడు. వాలీబాల్ ఆడాడు. కందిరీగ కుట్టి చెవి వాచిపోయి, హెల్మెట్ పట్టక ఒకరోజంతా తిట్లు తిన్నాడు. తూటాల పెట్టె మీద కాగితం పెట్టుకుని ఉత్తరాలు రాశాడు.

"గాయనకు ఒక్కటే ఫికర్" అన్నాడు హనుమండ్లు. "కొత్త పెండ్లాం. గా పిల్లకు మట్టెలు ఒదులైనయట. నడుస్తుంటె జారిపోతయట. పిల్ల సిగ్గుకు ఎవలకు చెప్పుతలేదట, దారం సుట్టుకుంటుందట. సెలవుల పోయి అవుసులోళ్ల దగ్గర బిగిపిస్త అన్నడు. నాతోని ఎన్నిమార్లు అన్నడో."

జమున రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ దారం సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసని తర్వాత నాకు చెప్పింది. ఈ మనిషి బుర్రలో ఏది చెరిగినా సదానందం మాత్రం చెరగలేదని ఆమెకు ఆ క్షణం రుజువైపోయింది.

"అన్నా, సదానందం ఎట్ల పోయిండు?" అని అడిగింది.

"ఏడికి పోయిండు?" హనుమండ్లు వాకిలి వైపు చూశాడు. "డ్యూటీల ఉన్నడు. వస్తడు."

ఎన్నిసార్లు అడిగినా అదే. వనజ అన్నం పెట్టింది. తిన్నాం. బొగ్గు దుమ్ము పడకముందే ఆరేసిన బట్టలు తీసుకొస్తానని వనజ డాబా ఎక్కింది. రెండు గంటలకు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. ఆ ఊళ్లో అది రోజూ ఉండేదే. నేల కడుపులోంచి ఒక దెబ్బ వచ్చి, కిటికీలు, గిన్నెలు గడగడలాడాయి.

హనుమండ్లు మంచం మీంచి కిందికి జారాడు. జమున మణికట్టు పట్టుకుని నేలకు లాగాడు. అతని ముఖం మారిపోయింది. అది అరవై ఆరేళ్ల రోగి ముఖం కాదు.

"తల ఎత్తకు సదానందం. కాలు దిక్కు సూడకు. నా మొకం సూడు, కాలు దిక్కు సూడకు. గీడనే పండుకో. నేను పోయి మందిని తోలుకొస్త. నేను వచ్చెదాక లేవకు. ఇంటున్నవా? లేవకు రా."

జమున పక్కకు ఒరిగి అలాగే ఉంది. ఆమె చెంప నేలకు ఆనుకుని ఉంది. ఇక ఇక్కడ ఆగిపోతుందనుకున్నాను. అప్పుడామె చేసిన పని నేను ఊహించనిది. గొంతు తగ్గించి, మగవాడి గొంతులాగా చేసి, "అన్నా, నేను గీడనే ఉన్న. నువ్వు రాలే. ఎందుకు రాలే అన్నా?" అంది.

ఆపాలని నాకు తెలుసు. ఫోన్ నా చేతిలో ఉంది. నేను ఆపలేదు.

హనుమండ్లు ఒక్కసారిగా ఒర్రాడు. "వచ్చిన! వచ్చిన రా! తెల్లారి పది మందిమి వచ్చినం! నువ్వు లే..."

ఆ కేకకు మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చిన వనజ కాలు తగిలి, గడప పక్కన పెట్టిన పళ్లాలు, గ్లాసులు ఒక్కపెట్టున దొర్లిపడ్డాయి. ఆ చప్పుడు ఆగేసరికి అతని మాట అయిపోయింది. ఇంక "అవ్వా, అవ్వా" అని మాత్రమే ఏడుస్తున్నాడు. లుంగీ తడిసిపోయింది.

వనజ తండ్రిని ఒళ్లోకి లాక్కుంది. "ఏం జేసినవ్ అత్తమ్మా? ఏం అడిగినవ్? నిన్ను పిలిచింది గాయనకు నిమ్మళం అయితదని. గిట్ల సంపుతవని కాదు" అంది. జమున మూల నుంచి బట్ట తెచ్చి నేల తుడవబోయింది. వనజ ఆ బట్ట గుంజుకుంది. "వద్దు. నీకు కావల్సింది మా బాపు కాదు. పోండ్రి."

రాయపట్నం వంతెన ఎక్కగానే జమున కారు ఆపమంది. రెయిలింగు పట్టుకుని నిలబడి ఫోన్ చెవికి ఆనించుకుని వింది. మళ్లీ వింది. గాలికి చీర కొంగు ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు. తర్వాత ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"మేడం, జర మంచిగ ఇనుండ్రి. నువ్వు లేవలే అన్నడా? నువ్వు లేవు అన్నడా?"

నాకు ముందు అర్థం కాలేదు. మళ్లీ విన్నాక అర్థమైంది. 'నువ్వు లేవలే' అంటే పడుకోబెట్టిన చోటే ఉన్నాడు, పిలిస్తే లేవలేదు, ప్రాణం పోయింది. 'నువ్వు లేవు' అంటే వాళ్లు తిరిగి వచ్చేసరికి అక్కడ మనిషే లేడు. 'నువ్వు లే' వరకు వినిపిస్తుంది. ఆ తర్వాత అంతా పళ్లెం చప్పుడు.

"లేకపోతే మరి..." జమున ధర్మపురి దిక్కు చేయి చూపింది. "గాడ గోదాట్ల నేను ఎవల్ని కలిపిన మేడం?"

ఆ రోజు నుంచి ఆమె వేరే మనిషయింది. రోజుకు ఎన్నిసార్లు వినేదో లెక్క లేదు. జిరాక్సుకు వచ్చినవాళ్లను కూడా ఒక్కసారి వినమనేది. నా ముందే ఒక పంతులమ్మ "లేవలే" అంది. వెనకే వచ్చిన ఆటో డ్రైవర్ "లేవు అన్నడు, సాఫ్ ఇనవడుతుంది" అన్నాడు. కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ముకర్రం దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఒక పూటంతా కుస్తీ పట్టాడు. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి, "అక్కా, పళ్లెం సప్పుడు, పెద్దాయన గొంతు ఒక్కదగ్గరనే కూసున్నయ్. ఇడదీసుడు నాతోని కాదు. మాఫ్ చేయి" అన్నాడు.

వచ్చేటప్పుడు కారులో నేను అబద్ధం చెప్పాను. నేను అక్కడే కూర్చున్నాను కదా, నా చెవులతో విన్నాను, 'లేవలే' అనే అన్నాడు అని. నిజానికి ఆ క్షణంలో నేను ఫోన్లో గీతలు కదులుతున్నాయా లేదా అని చూస్తున్నాను.

జమున కిటికీలోంచి బయటికి చూసింది. "మేడం, మీరు గుడ ఉత్తరం రాస్తున్నరు" అంది.

ఫిబ్రవరిలో జమున ఒంటరిగా బస్సెక్కి శ్రీరాంపూర్ పోయింది. వనజ తలుపు తీయలేదు. గేటు బయట గట్టు మీద సాయంత్రం దాకా కూర్చుని వచ్చింది. తర్వాతి వారం మళ్లీ పోయింది. ఆ తర్వాత వారం కూడా. నాలుగోసారి వనజే బయటికి వచ్చి, "నువ్వు కూసున్నవని నాకు పని తోస్తలేదు, లోపటికి రా" అందట. ఆరోజు జమున జరిగిందంతా చెప్పి వనజను కూడా అడిగింది. నీకేం వినబడ్డది బిడ్డా, అని. "నాకు గిన్నెలే ఇనవడ్డయ్ అత్తమ్మా" అంది వనజ. తన కాలు తగిలే ఆ పళ్లాలు పడ్డాయని వనజకు తెలుసు. జమునకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

హనుమండ్లు అప్పటికే మంచం పట్టాడు. మాట పూర్తిగా పడిపోయింది. జమున వారానికి రెండు రోజులు అక్కడే ఉండి, జావ తాగించి, వీపుకు పౌడరు రాసి, పక్క మార్చేది. నేను ఒకసారి పోయి చూశాను. చెంచా నోటి దగ్గర పెట్టి, అతని పెదవుల వంకే చూస్తూ ఉంది. అది సేవేనా, కాపలానా అని నాకు అనుమానం వచ్చింది. నా అనుమానం ఆమెకు తెలిసిపోయింది.

"నిజమే మేడం" అంది. "మొదట ఆ మాట కోసమే వచ్చిన. గిప్పుడు గుడ గందుకే వస్తున్న. కని గాయన జావ మింగకపోతె మాత్రం నాకు పాణం గుంజుతది. రెండు ఒక్కపారి ఎట్ల ఉంటయో నాకు ఎర్కలేదు."

మిలిటరీ రికార్డు ఆఫీసుకు నా చేత ఉత్తరం రాయించింది. జవాబు వచ్చింది. ఫలానా తారీఖున, ఫలానా చోట మరణం అని రెండు పంక్తులు. అవి ఆమెకు ముప్పై ఏడేళ్లుగా కంఠతా వచ్చు.

ఏప్రిల్ చివర్లో ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం హనుమండ్లు పోయాడు. జమున అక్కడే ఉంది. ఏమన్నా అన్నాడా అని నేను అడగలేకపోయాను. ఆమే చెప్పింది. "ఏం అనలే. నా దిక్కు సూసిండు. నన్ను ఎవలనుకున్నడో."

పదో రోజు కర్మకు ఇద్దరం పోయాం. భోజనాలయ్యాక వనజ జమునను లోపలికి పిలిచింది. ఇంట్లో తండ్రి ఫోటోలున్నాయి కానీ గొంతు ఎక్కడా లేదని, ఫోన్లో ఉన్నదంతా తనకు పంపమని అడిగింది. జమున అక్కడికక్కడే పంపబోయింది. వనజ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, ఆఖరిది తీసేయ్. గా ఒర్రింది. నాకే కాదు, నీ దగ్గర గుడ ఉంచకు. రేపు ఎవలన్న ఇంటె ఏమంటరు? హనుమండ్లు కాలు తెగినోన్ని అడవిల ఇడిచిపెట్టి ఉరికొచ్చిండు అంటరు. గాయన ముప్పై ఏడేండ్లు గది కడుపుల పెట్టుకొని సచ్చిండు. ఇగనన్న ఇడువు."

జమున గోడకు ఆనుకుని కూర్చుంది. బయట వంటపాత్రలు కడుగుతున్న చప్పుడు.

"తియ్యను బిడ్డా" అంది. "ఇడిచిపోయిండు అని దాంట్లనే ఉన్నది. తెల్లారి పది మందిని తోలుకొని మల్ల వచ్చిండని గుడ దాంట్లనే ఉన్నది. గది తీసేస్తె గాయన వచ్చిండని చెప్పెటోళ్లు ఎవలు? రికార్డుల లేదు. నా మొగడు లేడు. పది మంది ఎవలో ఎర్కలేదు. వచ్చిన అని మీ బాపు ఒక్కడే అన్నడు, ఒక్కపారే అన్నడు."

వనజ ఒప్పుకోలేదు. ఏడుస్తూనే తలుపు తీసి పట్టుకుంది. మేం బయటికి వచ్చాం. ఆ తర్వాత ఇద్దరి మధ్య మాటల్లేవు. జమున రికార్డింగ్ అంతా పంపింది. వనజ దాన్ని విన్నదో లేదో మాకు తెలియదు.

అప్పటి నుంచి జమున ఆదివారాలు ఎక్కడికీ పోవడం లేదు. జూన్‌లో ఉట్నూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. మామయ్య అరవై అయిదు యుద్ధంలో ఉన్నాడని, ఊపిరి ఆడట్లేదని, ఏదో చెప్పాలంటున్నాడని. "నాతోని కాదమ్మా" అని జమున ఫోన్ పెట్టేసింది. నేను పోయాను. నా కొత్త ఫోన్, మంచి మైకు, ప్రశ్నల కాగితం పట్టుకుని పోయాను. ఆ పెద్దాయన తన రెజిమెంటు పేరు, చేరిన సంవత్సరం, ఆఫీసర్ల పేర్లు చెప్పి నా వైపు చూశాడు. నాకు ఏం అడగాలో తోచలేదు. ఏడు నిమిషాలకు అయిపోయింది. జులైలో ఆయన పోయాడు. చెప్పాలనుకున్నది ఏమిటో ఇక తెలియదు. ఆ సంగతి జమునకు చెప్పాను. ఆమె తలొంచుకుని జిరాక్సు కాగితాలు సర్దుతూ ఉండిపోయింది.

సెప్టెంబరులో పెత్రమాస వచ్చింది. పెద్దలకు బియ్యమిచ్చే రోజు. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ కూడా కాబట్టి పొద్దున్నుంచే వీధంతా తంగేడు పూల మోపులు. గుడి పక్కన అయ్యగారి అరుగు ముందు జనం పళ్లాలతో వరుసలో ఉన్నారు. మా అమ్మ పేర బియ్యమివ్వడానికి నేనూ నిలబడ్డాను. నా ముందు జమున ఉంది. మూడు విస్తళ్లలో బియ్యం, పప్పు, బీరకాయ, చింతపండు.

అయ్యగారు మామ పేరు అడిగి నీళ్లు వదిలించారు. బుచ్చవ్వ పేరు చెప్పించి నీళ్లు వదిలించారు. మూడో విస్తరి ముందుకు జరుపుకున్నారు. ఆ పేరు ఆయనకు అలవాటే. "సదానందం కదా అమ్మా" అంటూ దర్భ అందుకున్నారు.

"ఆగుండ్రి అయ్యగారు" అంది జమున.

ఆయన తలెత్తి చూశారు. వెనక నుంచి ఎవరో, "జర జల్ది కానియ్యుండ్రి" అన్నారు.

"ఏమైందమ్మా? చెప్పుండ్రి."

జమున నోరు తెరిచింది. మూసింది. ఇచ్చేస్తే అతను పోయినట్టే. ఇవ్వకపోతే, నిజంగా పోయి ఉంటే, ఆకలితో ఉన్నట్టు. అయ్యగారు చేతిలో చెంబు పట్టుకుని అలాగే ఉన్నారు.

"ఇయ్యాల వద్దు" అని, ఆ విస్తరి అంచులు దగ్గరికి మడిచి కొంగులో పెట్టుకుని వరుసలోంచి పక్కకు వచ్చేసింది.

నా పని ముగించుకుని దుకాణానికి పోయాను. జమున కౌంటర్ వెనక కూర్చుని ఉంది. బియ్యం మూట జిరాక్సు మిషన్ మీద ఉంది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి ఒకతను ఆధార్ కార్డు రెండు కాపీలు కావాలని వచ్చాడు. ఆమె లేచి మూట తీసి కింద పెట్టింది. కాపీలు తీసిచ్చి, మూట మళ్లీ మిషన్ మీద పెట్టింది.

"ఏం చేస్తవు దీన్ని?" అని అడిగాను.

"ఎర్కలేదు మేడం" అంది.